వేళ్ల నుంచి పైకి

మనిషి ఎలా నిలబడాలో తెలుసుకోవాలంటే యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో మొగులయ్యను అడగాలి. అడిగితే చాలు, ఉన్నచోటే నిలబడి చూపిస్తాడు. మడమలు దగ్గరగా పెట్టి, తల నిటారుగా ఎత్తి, చేతులు పక్కలకు వేలాడేసి, అరచేతులు మాత్రం ఎదుటివాళ్లకు కనబడేలా ముందుకు తిప్పుతాడు. దీన్ని అనాటమికల్ పొజిషన్ అంటారనీ, శరీరం గురించి డాక్టర్లు ఏది మాట్లాడినా మనిషి ఇలా నిలబడి ఉన్నాడనుకునే మాట్లాడతారనీ ఆయనకు కూతురు రశ్మి నేర్పింది. రశ్మి నర్సింగ్‌లో మొదటి ఏడు చదువుతోంది. పాఠం చెప్పుకోవడానికి కాలేజీలో బొమ్మ ఉంది, ఇంట్లో లేదు. అందుకని ఇంట్లో బాపే బొమ్మ.

సాయంత్రం మోటార్ల షాపు నుంచి వచ్చి చేతులకంటిన వార్నిష్ కడుక్కుని, ఇంటి ముందు గోడకు వీపు ఆనించి ఆయన నిలబడేవాడు. కూతురు స్కేలుతో ఒక్కో చోటా తాకుతూ ఇంగ్లీషు మాటలు అప్పజెప్పేది. గల్లీలో పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఊరుకుంటారా? "ఏంది మొగులయ్యా, చేతులు సాపి నిలబడ్డవ్, ఎవలనన్న అడుక్కుంటున్నవా?" అని ఎదురింటి సక్కుబాయి రోజూ అదే ఎగతాళి చేసేది. ఆయన నవ్వేవాడే గాని కదిలేవాడు కాదు. తాను కదిలితే బిడ్డకు మార్కులు తగ్గుతాయని ఆయన భయం.

ఆ మాటలన్నిటిలో రెండు మాటలు ఆయనకు మరీ నచ్చాయి. ప్రాక్సిమల్, డిస్టల్. చెయ్యి గానీ కాలు గానీ ఒంటికి అతికిన చోటికి దగ్గరున్నది ప్రాక్సిమల్, దూరమున్నది డిస్టల్. మణికట్టుతో పోలిస్తే మోచెయ్యి ప్రాక్సిమల్, వేళ్లు డిస్టల్. మొగులయ్య చిన్నప్పటి నుంచీ మోటార్లకు రాగితీగ చుట్టే మనిషి. కాసేపు ఆలోచించి, "అంటే లైన్ దిక్కు, లోడ్ దిక్కు అన్నట్టు. కరెంట్ వచ్చే దిక్కొకటి, పనిజేసే దిక్కొకటి," అన్నాడు. పుస్తకంలో ఇంత సులువుగా లేదని రశ్మి ఒప్పుకుంది. ఇక ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. నల్లాలో నీళ్లు సన్నగా వస్తే, మన గల్లీ డిస్టల్‌లో ఉంది, అందుకే రావడం లేదని నీళ్ల బోర్డు లైన్‌మన్‌కే పాఠం చెప్పాడు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. మొగులయ్యకు ఆ పిల్ల నేర్పిన కూత కూడా ముద్దే.

శనివారం మధ్యాహ్నం షాపులో ఒక బోరు మోటారును పైకి లేపుతుంటే గొలుసు జారింది. మోటారు వచ్చి మొగులయ్య కుడి ముంజేతి మీద పడింది. షాపువాళ్లు దగ్గర్లో ఉన్న క్లినిక్‌కు తీసుకెళ్లారు. ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదు, కండ మాత్రం బాగా నలిగిందని డాక్టరు చెప్పాడు. సాగే పట్టీ వదులుగా కట్టించుకోమనీ, వాపు పెరిగినా వేళ్లు తిమ్మిరెక్కినా వెంటనే రమ్మనీ మరీ మరీ చెప్పాడు. కాంపౌండర్ పట్టీ విప్పి కట్టబోతుంటే మొగులయ్యే ఆపాడు.

"నువ్వు ఉండు తమ్మీ. మా బిడ్డ నర్సమ్మ. ఇంటికాడ మా బిడ్డ కడ్తది."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, రశ్మికి అది మొదటి గెలుపు. తల్లి కాశమ్మ మంచం వాల్చింది. సక్కుబాయి, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు గుమ్మంలో చేరారు. రశ్మి అంతవరకు కట్టింది కాలేజీలో ప్లాస్టిక్ చేతికే. ప్లాస్టిక్ చేతికి వాపు రాదు, నొప్పి పుట్టదు, బిడ్డ చిన్నబోతుందని నొప్పి దాచుకోవడమూ దానికి తెలియదు. ఆమె మోచేతి దగ్గర మొదలుపెట్టి, పట్టీని ఒక మడత మీద ఇంకో మడత వచ్చేలా, జడ అల్లినంత అందంగా చుట్టుకుంటూ కిందికి వచ్చింది. వదులైతే జారిపోతుంది, జారితే ఇజ్జత్ పోతుందని మొగులయ్య అంటే, ఇంకాస్త లాగి బిగించింది. చివర స్టీలు క్లిప్పు సరిగ్గా మణికట్టు మీద, గడియారం పెట్టుకునే చోట మెరిసింది. కట్టు విప్పొద్దనీ, ఎవరినీ ముట్టుకోనివ్వొద్దనీ తండ్రికి గట్టిగా చెప్పింది. ఆయన చీకటి పడేదాకా ఇంటి ముందే కూర్చుని వచ్చేపోయే వాళ్లందరికీ ఆ కట్టు చూపించాడు.

ఆదివారం పొద్దున కాశమ్మ పూరీలు చేసింది. మొగులయ్య ఎడమ చేత్తో ఒక ముక్క తుంచుకుని చాలన్నాడు. కుడి చేతి మీద తువ్వాల కప్పుకుని గోడ పక్కకు జరిగి కూర్చున్నాడు. రాత్రి ఆయన మూలుగుతుంటే కాశమ్మ విన్నది. తెల్లవారేసరికి మూలుగు ఆగిపోయింది. నొప్పి ఎట్లుందని అడిగితే అసలు లేదన్నాడు. దాంతో ఆమె మనసు కుదుటపడింది. సక్కుబాయి వచ్చి, కట్టంటే ఇట్లుండాలె అని రశ్మి తల నిమిరి పోయింది. రశ్మికి గర్వంగా ఉంది. దాచడమెందుకు, కాళ్లు నేల మీద ఆననంత గర్వంగా ఉంది.

మర్నాడు ఆమెకు కాలేజీలో పరీక్ష. పుస్తకం, స్కేలు పట్టుకుని వచ్చి, కాసేపు నిలబడమని తండ్రిని అడిగింది.

"ఇయ్యాల వద్దు బిడ్డా."

ఆ మాట ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. జ్వరంతో ఉన్నప్పుడు కూడా గోడ పట్టుకుని నిలబడిన మనిషి. పోనీ కూర్చునే అరచేతులు ముందుకు తిప్పమంది. ఎడమ అరచెయ్యి తిరిగింది. కుడిది తువ్వాల కిందే ఉంది. కట్టు ఉంది కదా అన్నాడాయన. కట్టుంటే మాత్రం అరచెయ్యి తిప్పడానికి ఏం అడ్డమని ఆమె నవ్వింది. ఆయన కూడా నవ్వి ప్రయత్నం చేశాడు. భుజం కదిలింది, మోచెయ్యి కదిలింది, అరచెయ్యి మాత్రం తిరగలేదు. ఎండ ఇంకా గల్లీలోకి దిగనేలేదు, ఆయన పైపెదవి మీద చెమట పట్టింది.

రశ్మి తువ్వాల లాగేసింది. వేళ్లు ఉబ్బి ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. గోళ్ల కింద ఎరుపు పోయి నీలం తిరిగింది. ఆమె తన గోరు నొక్కి వదిలింది. తెల్లబడి, వెంటనే ఎర్రబడింది. ఆయన గోరు నొక్కి వదిలింది. తెల్లబడింది, అలాగే ఉండిపోయింది.

"నేను ముట్టుకుంటే తెలుస్తుందా బాపు?"

"తెలుస్తుంది."

"ఏ వేలు ముట్టుకున్న?"

"ఉంగరం వేలు," అన్నాడాయన, చేతి వంకే చూస్తూ.

రశ్మి ఎడమ చేత్తో ఆయన కళ్లు మూసింది. కుడి చేతిని వెనక్కి తీసుకుంది. ఇప్పుడు ఏ వేలు ముట్టుకున్నానని అడిగింది.

"చూపుడు వేలు," అన్నాడు మొగులయ్య ఏమాత్రం తడుముకోకుండా.

ఆమె ఏ వేలూ ముట్టుకోలేదు.

చల్లగా ఉన్న ఆయన నడిమి వేలు పట్టుకుని మెల్లగా సాగదీసింది. మొగులయ్య నోరు విప్పలేదు గాని ఆయన ఎగిరిపడ్డ తీరుకు మంచం గోడకు కొట్టుకుంది. ముట్టుకుంటే తెలియని వేలు, చాపితే ముంజేతిలో ప్రాణం పోయేంత నొప్పి. నొప్పి లేదని ఈ మనిషి పొద్దున్నుంచీ చెబుతున్నాడు. ఆమె చూపు ముంజేతి మీద నడిచి మణికట్టు దగ్గర ఆగింది. అక్కడ క్లిప్పు మెరుస్తోంది.

పట్టీ ఎప్పుడూ డిస్టల్ నుంచి ప్రాక్సిమల్‌కు కట్టాలి. వేళ్ల వైపు మొదలుపెట్టి గుండె వైపు పోవాలి. పై నుంచి కిందికి బిగించుకుంటూ వస్తే వాపంతా చేతిలోకి దిగి అక్కడే చిక్కుకుంటుంది. ఇది ఆమెకు తెలియక కాదు. పోయిన నెల పరీక్షలో ఇదే ప్రశ్న వస్తే తప్పు లేకుండా రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంది. రాసిన చెయ్యే నిన్న మోచేతి దగ్గర మొదలుపెట్టింది, ఎందుకంటే క్లిప్పు నలుగురికీ కనబడేచోట ఉండాలనుకుంది. అంతకు మించి కారణం లేదు.

కట్టు విప్పుతానంది. మొగులయ్య చెయ్యి ఒళ్లోకి లాక్కున్నాడు. నువ్వే విప్పొద్దన్నావు కదా అన్నాడు. వంటింట్లోంచి కాశమ్మ వచ్చి, నొప్పి తగ్గినాక మళ్లీ ఎందుకు కెలకడం అంది. అలికిడి విని సక్కుబాయి దిగింది. కట్టి ఒక దినమన్నా కాలేదు, ఇప్పుడే విప్పితే గల్లీ అంతా నవ్వుతుందని ఆమె భయం. ఎవరి ప్రేమ వాళ్లది. ఆ ప్రేమల మధ్య ఒక చెయ్యి చచ్చిపోతోంది.

"మస్తు కట్టినవ్ బిడ్డా," అన్నాడు మొగులయ్య. "మా షాపోళ్లు గూడ చూసి మెచ్చుకున్నరు. నువ్వు ఫికర్ చెయ్యకు."

వాపు వల్ల విప్పుతున్నానని చెప్పి తప్పించుకోవచ్చు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అలా చెబితే ఆయన విప్పనివ్వడు. కూతురు కట్టిన కట్టు మీద ఆయనకు దేవుడి మీదున్నంత నమ్మకం. ఆ నమ్మకాన్ని ముందు తెంచాలి, ఆ తరవాతే పట్టీని తెంచగలదు.

"తప్పు కట్టిన బాపు," అంది రశ్మి. "పైకెల్లి కిందికి కట్టిన. లోడ్ దిక్కు సప్లై లేదు. లైన్ దిక్కు నేనే బిగబట్టిన. నీ షాపుల మోటర్ గిట్లయితే ఏంజేస్తవ్?"

మొగులయ్య తన వేళ్ల వంక, పరాయివాడి వేళ్లను చూసినట్టు చూశాడు.

"బంద్ చేసి విప్పుత," అన్నాడు చివరికి.

"ఆగుతవా?"

"ఆగితే కాయిల్ కాలిపోతది."

ఆ మాట అన్నాక ఆయనే చెయ్యి చాపాడు. తల్లి కుట్టుమిషన్ మీది కత్తెర తెచ్చి రశ్మి మణికట్టు నుంచి మోచేతి దాకా పట్టీని కోసేసింది. చర్మం మీద పట్టీ మడతలన్నీ అచ్చుపడి ఉన్నాయి. విప్పగానే రంగు తిరుగుతుందని ఆమె ఆశపడింది. తిరగలేదు. ముంజెయ్యి నొక్కితే కండలా లేదు, చెక్కలా ఉంది. మణికట్టు దగ్గర బొటనవేలితో నాడి వెతికింది. దడదడా కొట్టుకుంటోంది. ప్రాణం లేచివచ్చింది. మరుక్షణమే గుర్తొచ్చింది, బొటనవేలితో నాడి చూడకూడదు, అందులో మన నాడే మనకు వినబడుతుంది. వేళ్లు మార్చి మళ్లీ వెతికింది. ఎక్కడో లోపల, సన్నగా, ఉందా లేదా అన్నట్టు ఉంది. ఇది ఇంట్లో తేలే పని కాదని ఆమెకు అర్థమైంది.

పక్కింటి సామ్యూల్ అప్పుడే చర్చి నుంచి వచ్చి ఆటో నిలుపుతున్నాడు. తెల్లచొక్కా కూడా మార్చుకోకుండా మళ్లీ స్టార్ట్ చేశాడు. మొఘల్‌పురా మీదుగా పెద్ద దవాఖానకు దారి. ఆదివారం, రోడ్డుకు అటూ ఇటూ బండ్లు, మధ్యలో బేరాలు, ఆటో నడవడం లేదు, పాకుతోంది. సామ్యూల్ తల బయటపెట్టి, భాయ్, దవాఖానాకు జానా హై, జర రాస్తా దేవ్ అని బతిమాలుతున్నాడు. విన్నవాళ్లు బండ్లు జరుపుతున్నారు, కాని ఒకటి జరిగితే ఇంకొకటి అడ్డం వస్తోంది. కాశమ్మ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తోందో ఏమో. చెయ్యి పైకెత్తి పట్టుకోవాలో కిందికి వదలాలో రశ్మికి తెలియలేదు. మొదటి ఏడు పుస్తకంలో అంతదూరం లేదు. రెండూ కాకుండా గుండె ఎత్తున తన ఒళ్లో పట్టుకుని కూర్చుంది.

మొగులయ్య ఆమె చెవి దగ్గరకు వంగాడు.

"దవాఖానల నేను మాట్లాడుత. నువ్వు ఊకో. కాంపౌండర్ కట్టిండని చెప్త. మీ కాలేజోళ్లకు తెలిస్తే నీ సదువుకు లొల్లి అయితది."

నిజం చెప్పాలంటే ఆ మాటకు ఆమె ప్రాణం కాస్త హాయిపడింది. హాయిపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వద్దని మాత్రం అనలేకపోయింది. ఆటో దవాఖాన గేటు చేరేదాకా తలవంచుకుని ఆ వేళ్లనే చూస్తూ కూర్చుంది.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు పేరు హరిప్రియ. మాటను బట్టి కోస్తా మనిషి. గట్టిగా మాట్లాడదు గాని ఒక ప్రశ్నకు సమాధానం వచ్చేలోపు చేత్తో ఇంకొకటి వెతుకుతుంటుంది. ముంజెయ్యి నొక్కింది, వేళ్లు చాపింది, మొగులయ్య మొహం చూసింది. ఎవరు కట్టారని అడిగింది. క్లినిక్‌లో కాంపౌండర్ అన్నాడు మొగులయ్య.

"తిమ్మిరి ఎప్పటి నుంచి?"

"ఇప్పుడే మేడమ్. ఆటోల అచ్చేటప్పుడు మొదలైంది."

హరిప్రియ పక్కనున్న జూనియర్‌కు చెబుతుంటే రశ్మికి ప్రతి మాటా వినబడింది. కండరాల చుట్టూ ఒక పొర ఉంటుంది, అది సాగదు. లోపల వాపు పెరిగితే రక్తం ఆడక కండరాలూ నరాలూ నలిగి చచ్చిపోతాయి. తిమ్మిరి ఇప్పుడే మొదలైతే, కట్టు తీసేశారు కాబట్టి కాసేపు చూడొచ్చు, తనంతట తగ్గవచ్చు. ముందు నుంచీ ఉంటే మాత్రం చూస్తూ కూర్చోకూడదు, వెంటనే ముంజెయ్యి కోసి ఆ పొర విప్పాలి. ఆపరేషన్ థియేటర్ ఒకటే ఖాళీగా ఉంది, ప్రమాదంలో దెబ్బతిన్న కాలు కేసు ఒకటి దాని కోసమే ఎదురు చూస్తోంది. "ఈయన్ని అబ్జర్వేషన్‌లో పెట్టు. కాలు కేసు ముందు లోపలికి పంపు," అంది.

జూనియర్ కదిలాడు. మొగులయ్య కూతురి వంక చూసి కళ్లతోనే నవ్వాడు, చూశావా ఎంత సులువుగా అయిపోయిందో అన్నట్టు. ఆ నవ్వు చూసి రశ్మికి ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. ఈ మనిషి తన చేతిని అమ్మి కూతురికి చదువు కొంటున్నాడు.

"మేడమ్, కాంపౌండర్ కట్టలేదు. నేను కట్టిన."

"ఊకో బిడ్డా," అన్నాడు మొగులయ్య.

"నేను నర్సింగ్ ఫస్టియర్ మేడమ్. నిన్న సాయంత్రం కట్టిన. ప్రాక్సిమల్‌కెల్లి డిస్టల్‌కు, గట్టిగ కట్టిన. తిమ్మిరి ఇప్పుడు మొదలైంది కాదు. బాపు అబద్ధం చెప్తున్నడు."

హరిప్రియ జూనియర్‌ను ఆగమని చెయ్యెత్తింది. మరి ఎప్పటి నుంచని అడిగింది. అది రశ్మికీ తెలియదు. తెలిసింది ఒక్కడికే, ఆ ఒక్కడూ పళ్లు బిగించి కూర్చున్నాడు. రశ్మి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, పొద్దున లాగే అరచేత్తో ఆయన కళ్లు మూసింది.

"నన్ను చూడకు బాపు. నా మొహం చూసి చెప్పకు. చెయ్యిని అడిగి చెప్పు. ఎప్పటికెల్లి?"

ఆమె అరచేయి తడిసింది.

"రాత్రి అన్నం తిన్నంక సురుకు సురుకుమన్నది," అన్నాడు మొగులయ్య. "పానం పోయినట్టే ఉండె. తెల్లారంగ ఫజర్ అజాన్ ఇనబడ్డప్పుడు నొప్పి బంద్ అయింది. గప్పటికెల్లి చెయ్యి ఉన్నట్టే లేదు."

కాశమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తెల్లవారుజామున మూలుగు ఆగిందని, తగ్గిందిలే అని, దేవుడికి దండం పెట్టుకుని పూరీ పిండి కలిపిన మనిషి ఆమె.

హరిప్రియ ఎవరినీ తిట్టలేదు. కాలు కేసును రెండో థియేటర్ ఖాళీ అయ్యేదాకా ఆపమని, ఈయన్ని ఇప్పుడే లోపలికి తీసుకెళ్లమని చెప్పింది. స్ట్రెచర్ కదిలాక మాత్రం రశ్మి వైపు తిరిగింది.

"ఎటు నుంచి ఎటు కట్టాలో నీకు తెలియదా?"

"పరీక్షల రాసిన మేడమ్."

డాక్టరమ్మ ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్లిపోయింది. అడిగినా, తిట్టినా, కొట్టినా రశ్మికి అంతకంటే నయంగా ఉండేది. థియేటర్ బయట బెంచీ మీద తల్లీ కూతుళ్లు పక్కపక్కనే కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సామ్యూల్ టీ తెచ్చాడు, చల్లారిపోయింది. సక్కుబాయి బస్సు పట్టుకుని అన్నం డబ్బాతో వచ్చింది, ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అనకుండా కాశమ్మ పక్కన కూర్చుంది. చచ్చిన కండ తిరిగి రాదని రశ్మికి తెలుసు. తెలిసినందుకు ఆ క్షణంలో ఆమెకు తన చదువు మీదే పగ పుట్టింది.

మధ్యాహ్నం దాటాక హరిప్రియ బయటికి వచ్చింది. పొర విప్పగానే కండ చాలావరకు ఎర్రబడిందనీ, చిటికెన వేలి వైపు కొంత ఇంకా పాలిపోయి ఉందనీ చెప్పింది. చెయ్యి నిలబడుతుంది. వేళ్లు కదులుతాయి. నరాల సంగతి ఇప్పుడే చెప్పలేనంది. గాయాన్ని తెరిచే ఉంచామనీ, వాపు తగ్గాక మూస్తామనీ చెప్పి, వెళ్లబోతూ ఆగింది.

"సాయంత్రం దాకా చూద్దామని కూర్చుని ఉంటే ఇవాళ వేరే మాట చెప్పాల్సి వచ్చేది," అంది రశ్మితో. "ఇక్కడ చెప్పావు కాబట్టి సరిపోయింది. కాలేజీలో కూడా నువ్వే చెప్పు."

రశ్మి చెప్పింది. పరీక్ష రాయకుండా నేరుగా వెళ్లి టీచరు ముందు నిలబడి, క్లిప్పు సంగతితో సహా చెప్పింది. టీచరు క్లాసులో అందరి ముందూ కడిగిపారేసింది. తరవాత ప్లాస్టిక్ చెయ్యి ముందు కూర్చోబెట్టి, వేళ్ల నుంచి పైకి, రోజూ కట్టించింది.

గాయం మూసి, కుట్లు ఊడదీశాక ఒకరోజు వార్డులో సిస్టర్ పట్టీ పట్టుకుని వచ్చింది. ముంజేతి మీద మచ్చ మణికట్టు నుంచి మోచేతి దాకా పొడుగ్గా ఉంది. సిస్టర్ పట్టీ విప్పుతుంటే మొగులయ్య ఎడమ చేత్తో ఆపాడు.

"మా బిడ్డ కడ్తది సిస్టర్."

వార్డంతా ఇటు తిరిగింది. రౌండ్స్‌లో ఉన్న హరిప్రియ రెండు మంచాల అవతలి నుంచి విన్నది. వచ్చి పక్కన నిలబడి, నేను చూస్తుంటాను, కట్టమంది.

మొగులయ్య మంచం మీద నిటారుగా కూర్చుని, పాఠం చెప్పించుకునేటప్పటిలాగే, చెయ్యి చాపి అరచేయి ముందుకు తిప్పాడు. మెల్లగా తిరిగింది, పూర్తిగా తిరగలేదు, కాని తిరిగింది. రశ్మి ఆయన వేళ్ల మొదలు దగ్గర ఆరంభించింది. కొసలు బయటికి కనబడేలా వదిలి, ఒక్కో చుట్టుకూ కింద వేలు దూరుతుందో లేదో చూసుకుంటూ పైకి పోయింది. అందంగా ఏమీ రాలేదు. క్లిప్పు మోచేతి దగ్గర, చొక్కా చేతి కింద ఎవరికీ కనబడని చోట పడింది. ఆమె ఆయన గోరు నొక్కి వదిలింది. తెల్లబడి, ఎర్రబడింది.

"కండ్లు మూస్కో బాపు."

ఆయన మూసుకున్నాడు. రశ్మి బొటనవేలి కొస ముట్టుకుంది. బొటనవేలు అన్నాడు. చూపుడు వేలు ముట్టుకుంటే చూపుడు వేలన్నాడు. తరవాత నడిమిది అన్నాడు. తరవాత ఆమె ఉంగరం వేలు పట్టుకుంది. వరసలో ఏది రావాలో చంటిపిల్లాడికైనా తెలుసు, అనేస్తే అయిపోతుంది. రాగితీగ చుట్టేవాడికి ఆ వేలి కొస ఎంత అవసరమో కూడా ఆయనకే బాగా తెలుసు. కళ్లు మూసుకునే ఉన్నాడు, పెదవులు ఒకసారి కదిలి ఆగాయి.

"తెలుస్తలేదు బిడ్డా," అన్నాడు.

రశ్మి ఆ వేలిని వదల్లేదు. కళ్ల నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా, రెండు చేతులతో దాన్ని పట్టుకుని కాసేపు అలాగే ఉంది.

"సరే బాపు," అంది. "ఇప్పుడు చిటికెన వేలు చూద్దం."